చిన్న వ్యాపారాలకు ఉమ్మడి ఆరోగ్య బీమా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యం

విడివిడిగా వెళ్తే బీమా కంపెనీ పట్టించుకోని దుకాణాలు, షెడ్లు, మిల్లులు ఒకే జాబితాగా చేరి, ఒకే పాలసీ కింద యజమానులకూ పనివాళ్లకూ వైద్య ఖర్చుల రక్షణ తెచ్చుకోవడాన్ని చిన్న వ్యాపారాల ఉమ్మడి ఆరోగ్య బీమా అంటారు. అమెరికాలో దీనిపై రెండు దశాబ్దాలకు పైగా బిల్లులు వస్తూనే ఉన్నాయి, ఆగిపోతూనే ఉన్నాయి. భారతదేశంలో ఇదే పేరుతో ప్రత్యేక చట్టం లేదు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం, దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గ్రూపు పాలసీలకు పెట్టిన నిబంధనలు, రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ తలా కొంత ఆ చోటును నింపుతున్నాయి. ఈ నాలుగింటి మధ్యా మిగిలిపోయిన ఖాళీ ఎక్కడుందో ఉమ్మడి వరంగల్ నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల బజార్లను చూస్తే బాగా తెలుస్తుంది. కొత్త చట్టం ఏదైనా వస్తే అది మొదట తేల్చాల్సింది ప్రీమియం సంగతి కాదు. చట్టం దృష్టిలో ‘గ్రూపు’ అంటే ఎవరో తేలితే మిగతావన్నీ ఆ వెనకే వస్తాయి.

మూడు జిల్లాల బజార్లు

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. భూపాలపల్లి నుంచి 2019 ఫిబ్రవరి 17న ములుగు మళ్లీ విడిపోయింది. ముగ్గురూ ఒకే తల్లి పిల్లలే గానీ బతుకుతెరువులు వేరు.

జనగామ సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గం మీద, హైదరాబాద్–వరంగల్ రహదారి మీద ఉంది. పత్తి జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, బట్టల షాపులు, కిరాణాలు ఇక్కడి వ్యాపారం. పక్కనే పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క పరుపు మీద బిగించి, చిన్న ఉలులతో కొట్టి బొమ్మ లేపే విశ్వకర్మల పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. కొడకండ్ల వైపు చేనేత మగ్గాలు. ఒక్కో కార్ఖానాలో ముగ్గురో నలుగురో, వాళ్లలోనూ సగం ఇంటివాళ్లే.

మహబూబాబాద్ – ఊళ్లో పెద్దల నోట ఇంకా మానుకోట – కాజీపేట–విజయవాడ మార్గం మీది మార్కెట్ పట్నం. కేసముద్రం యార్డు, తొర్రూరు, డోర్నకల్ జంక్షన్ కలిపి చూస్తే ఆడ్తి (కమిషన్) వ్యాపారం ఈ జిల్లాకు వెన్నెముక. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్. ఆడ్తిదారు, ఖరీదుదారు, గుమాస్తా, తూకం వేసే దడువాయి, హమాలీ, చాట కూలీ – ఒక్క బస్తా మిర్చి యార్డు గేటు దాటేలోపు ఇంతమంది చేతులు పడతాయి. వీళ్లలో నెల జీతం మీద ఉన్నది గుమాస్తా ఒక్కడే.

భూపాలపల్లి కథ వేరు. రైలు లేదు గానీ బొగ్గు ఉంది. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర 500, 600 మెగావాట్ల యూనిట్లతో మొత్తం 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం చుట్టూ పట్నం పెరిగింది. మహాదేవపూర్ వైపు టస్సర్ పట్టు నేత. సింగరేణి ఉద్యోగికి కంపెనీ ఆస్పత్రి ఉంది, అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌కు రిఫరల్ ఉంది, రిటైరయ్యాక చందా కట్టి చేరే వైద్య పథకం కూడా ఉంది. అదే ఉద్యోగి బైకు బాగుచేసే మెకానిక్ షెడ్డులోనూ, షిఫ్టు దిగాక టీ తాగే హోటల్లోనూ ఉన్నవాళ్లకు వీటిలో ఏదీ లేదు. ఒకే వీధిలో రెండు వైద్య ప్రపంచాలు ఎలా ఉంటాయో చూడాలంటే తెలంగాణలో ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

వైద్య కళాశాలల వల్ల ఈమధ్య కొంత మారింది. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామ, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. అయినా గుండె, మెదడు, క్యాన్సర్ అనగానే వరంగల్ ఎంజీఎమ్‌కో, హన్మకొండ ప్రైవేటు ఆస్పత్రులకో, హైదరాబాద్‌కో బయల్దేరాల్సిందే.

ఆరోగ్యశ్రీ ఎంతవరకు

చిన్న దుకాణం వాళ్లకు ఏ రక్షణా లేదని రాయడం తేలిక, కానీ నిజం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ తొలుత బీమా కంపెనీ ద్వారా నడిచింది, తర్వాత ట్రస్టే ఆస్పత్రులకు నేరుగా చెల్లించే పద్ధతికి మారింది. తెలంగాణలో 2021లో కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్ దీనికి తోడైంది. 2023 డిసెంబరు 9న కుటుంబానికి ఏడాది పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. గుమాస్తా, హమాలీ, మెకానిక్, దర్జీ, వీధి చివర మిర్చి బండి వాళ్లలో చాలామంది కుటుంబాలు ఆహార భద్రత కార్డు మీద ఇందులోనే ఉన్నాయి.

మరి మిగిలిందేమిటి? మొదటిది ఆదాయ గీత. కార్డుకు గ్రామాల్లో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి. జనగామ నెహ్రూ పార్కు చుట్టుపక్కల ఓ మోస్తరు ఫ్యాన్సీ స్టోరు నడిపే మనిషి కాగితం మీద ఆ గీత దాటతాడు, చేతిలో మాత్రం ఆస్పత్రి ఖర్చుకు పనికొచ్చేంత మిగలదు. రెండోది, ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరాక చేసే చికిత్సల పథకం. మిర్చి సీజన్లో యార్డులో ఘాటు ఎంత ఉంటుందంటే, బస్తా విప్పేవాళ్లు ముక్కుకు తువ్వాల చుట్టుకున్నా సాయంత్రానికి దగ్గు ఆగదు, కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటాయి. దానికి డాక్టర్ ఫీజు, ఎక్స్‌రే, సిరప్పు, ఇన్‌హేలరు – ఇవన్నీ ఓపీ ఖర్చులు, జేబులోంచే పోవాలి. బీపీ, షుగరు మాత్రలు నెలనెలా అంతే. మూడోది, మంచాన పడ్డ రోజుల కూలి. ఆరోగ్యశ్రీ ఆస్పత్రికి డబ్బు కడుతుంది, ఇంట్లో పొయ్యి వెలగడానికి కట్టదు. వీటికి తోడు, ప్రభుత్వ బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామని ప్రకటించడం 2025లోనూ చూశాం.

అందుకే ఈ జిల్లాల్లో చిన్న వ్యాపారాల ఉమ్మడి బీమా ఆరోగ్యశ్రీకి పోటీగా వస్తే అర్థం లేదు. కార్డు ఉన్నవాళ్లకు దాని మీద రెండో అంతస్తుగా, కార్డు లేనివాళ్లకు మొదటి అంతస్తుగా నిలిస్తేనే దాని ఖర్చూ తగ్గుతుంది, అవసరమూ తీరుతుంది.

పదిమంది గీత

దేశంలో చట్టబద్ధమైన ఉమ్మడి ఆరోగ్య బీమా మొదటగా వచ్చింది ఈఎస్ఐతోనే. బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో పథకం మొదలైంది. నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవాళ్లు దీని పరిధిలోకి వస్తారు. 2017 జనవరి 1 నుంచి ఈ పరిమితి కదలకుండా ఉంది. చందా 2019 జులై నుంచి యజమాని వైపు 3.25 శాతం, కార్మికుడి వైపు 0.75 శాతం.

లెక్క వేస్తే ఇలా ఉంటుంది. నెలకు 12,000 జీతమున్న ఒక సేల్స్‌మన్‌కు యజమాని 390 రూపాయలు కడతాడు, అతని జీతంలోంచి 90 పోతాయి. మొత్తం 480, ఏడాదికి 5,760. దీనికి ఆ కుటుంబం మొత్తానికి ఓపీ, మందులు, ఆస్పత్రి వైద్యం. జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం. మహిళలకు 26 వారాల ప్రసూతి భృతి. వయసు పెరిగిందని, పాత జబ్బు ఉందని చందా మారదు. ఇంత తక్కువ ధరకు ఇంత రక్షణ ఏ ప్రైవేటు కంపెనీ దగ్గరా దొరకదు. ఈ మాట ఈఎస్ఐని తిట్టేవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

తిట్టడానికీ కారణాలు ఉన్నాయి. పథకం కింద దుకాణాలు రావాలంటే మామూలుగా పదిమంది ఉద్యోగులుండాలి. తొమ్మిదో మనిషి దగ్గర ఆగిపోయిన యజమానులు, పదో మనిషిని ‘మా బంధువు’ అని చెప్పే యజమానులు ప్రతి బజారులోనూ కనిపిస్తారు. చేరినా డిస్పెన్సరీ దూరమైతే ప్రయోజనం తగ్గుతుంది. ఈఎస్ఐ ఆస్పత్రి కోసం ఈ జిల్లాల వాళ్లు వరంగల్ వైపు చూడాలి. భూపాలపల్లి నుంచి అది 60 కిలోమీటర్ల పైమాటే. పైగా తెలంగాణ ఈఎస్ఐ వైద్య సేవల విభాగంలో మందుల కొనుగోళ్ల మీద 2019లో ఏసీబీ కేసులు, అరెస్టులు జరిగాక, నెలనెలా చందా కోత పడే వాళ్లలో ఉన్న కాస్త నమ్మకం కూడా పలచబడింది.

2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఇక్కడ ఒక తలుపు తీసింది. పదిమంది లోపున్న సంస్థలో యజమానీ, ఉద్యోగుల్లో ఎక్కువమందీ ఒప్పుకుంటే స్వచ్ఛందంగా ఈఎస్ఐలో చేరవచ్చు. ప్రమాదకరమని ప్రకటించిన పని అయితే ఒక్క ఉద్యోగి ఉన్నా వర్తింపజేయవచ్చు. దీనికి ముందే, 2025 జులై నుంచి, పాత బకాయిలు అడగకుండా కొత్త యజమానులను చేర్చుకునే ‘స్ప్రీ’ కార్యక్రమం కూడా నడిచింది. చిన్న వ్యాపారాల కోణంలో చూస్తే ఇటీవలి చట్టాల్లో ఇదే అన్నిటికన్నా పెద్ద మార్పు. ఊళ్లలో దీని గురించి వినపడేది మాత్రం చాలా తక్కువ.

ఆ తలుపులోంచి కూడా ఒక మనిషి వెళ్లలేడు. అతను యజమాని. ఈఎస్ఐ ఉద్యోగులకే. పొద్దున్నే షట్టరు లేపి, రాత్రి పదికి దింపే కిరాణా కొట్టు ఆయన, గల్లా మీద కూర్చునే ఆయన భార్య, పక్కన లెక్కలు రాసే కొడుకు – ముగ్గురూ పనిచేసేవాళ్లే, చట్టం లెక్కలో ఒక్కరూ ఉద్యోగి కారు. పెంబర్తి కార్ఖానాలోనూ, కొడకండ్ల మగ్గం ఇంట్లోనూ అంతే.

ఏడుగురి గీత

ఈఎస్ఐ కుదరకపోతే మిగిలేది మార్కెట్లో దొరికే గ్రూపు మెడిక్లెయిమ్. ఇక్కడ గీత ఏడు దగ్గర గీశారు. 2016 నాటి ఐఆర్‌డీఏఐ ఆరోగ్య బీమా నిబంధనలు గ్రూపులో కనీసం ఏడుగురుండాలన్నాయి. అంతకు పైన ఎంతమందైతే ఇస్తారన్నది కంపెనీ ఇష్టం. ఏడుగురున్న షాపులకు పాలసీలు దొరక్కపోలేదు. కానీ చిన్న గ్రూపు కాబట్టి ప్రీమియం ఎక్కువ, లేదా పాత జబ్బులకు నిరీక్షణ కాలం ఉంటుంది. వేలమంది ఉన్న ఐటీ కంపెనీకి మొదటి రోజు నుంచే అన్నీ వర్తింపజేసే బీమా కంపెనీ, తొర్రూరు రైస్ మిల్లుకు అదే ధరకు అదే షరతు ఇవ్వదు.

అయితే ఏభై షాపులు కలిసి వెళ్తే? ఇక్కడే అసలు మెలిక. బీమా కోసమే ఏర్పడిన గ్రూపుకు పాలసీ ఇవ్వకూడదని ఐఆర్‌డీఏఐ 2005 జులై మార్గదర్శకాల నుంచీ చెబుతోంది. సంఘానికీ సభ్యులకూ మధ్య బీమా కాక వేరే సేవల సంబంధం స్పష్టంగా కనిపించాలి. గ్రూపు నడిపేవాళ్లు సభ్యుల దగ్గర ప్రీమియం కన్నా ఒక్క రూపాయి ఎక్కువ వసూలు చేయకూడదు. ఈ నిబంధన ఊరికే రాలేదు. అప్పట్లో బీమా అమ్మడానికే పుట్టిన బూటకపు సంఘాలు జనం దగ్గర డబ్బు వసూలు చేసి చేతులెత్తేసేవి. కాబట్టి కిరాణా వర్తక సంఘం, రైస్ మిల్లర్ల సంఘం, స్వర్ణకార సంఘం వంటి పాత సంఘాలకు దారి ఉంది. నిన్నమొన్న కలిసిన ఏభైమందికి లేదు.

సంఘమే సొంతంగా నిధి పెట్టి ‘ఆస్పత్రి ఖర్చు మేమిస్తాం’ అని హామీ ఇస్తే? 1938 బీమా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా బీమా వ్యాపారం చేయకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే కనీసం 100 కోట్ల రూపాయల మూలధనం ఉండాలి. అందుకే మన సంఘాలు ఇచ్చేదాన్ని హామీ అనరు, ‘సాయం’ అంటారు. సాయం కమిటీ దయ మీద ఉంటుంది, నిధిలో డబ్బున్నంతవరకే ఉంటుంది.

పన్ను కూడా చిన్నవాడికి ఎదురే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులూ కుటుంబాలూ తీసుకునే ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ ఎత్తేశారు. గ్రూపు పాలసీల మీద 18 శాతం అలాగే ఉంది. కలిసి కొంటే చవక కావాలి గదా, పన్ను దగ్గర తలకిందులైంది. చట్టం ప్రకారం తప్పనిసరి అయిన ఆరోగ్య బీమాకే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, స్వచ్ఛందంగా తీసుకున్నదానికి రాదు. జీఎస్టీ కాంపోజిషన్ పథకం కింద ఉన్న చిన్న షాపుకు అసలు ఏ క్రెడిట్టూ లేదు.

కలిస్తే ఎందుకు చవక

ఊహకు ఒక లెక్క. ఏభై షాపుల నుంచి రెండు వందలమంది చేరారు అనుకుందాం. ఏడాదిలో ఎనిమిదిమంది ఆస్పత్రిలో చేరితే, సగటున 40,000 చొప్పున ఖర్చు 3.2 లక్షలు. తలకు 1,600. ఆ ఏడాదే అనుకోకుండా ఇంకొకరికి బైపాస్ అవసరమై 3 లక్షలయ్యాయి. తలసరి ఖర్చు 3,100కు ఎగబాకింది. మరుసటి ఏడాది కంపెనీ ప్రీమియం పెంచుతుంది. అదే ఐదువేలమంది ఉన్న జాబితాలో ఆ అదనపు 3 లక్షలు తలకు 60 రూపాయలుగానే పడతాయి. పెద్ద గ్రూపులో జబ్బులు తగ్గవు. ఏడాదికేడాది లెక్క తలకిందులు కాకుండా ఉంటుంది, అంతే. బీమా కంపెనీ చిన్న గ్రూపుకు ఎక్కువ రేటు చెప్పేది ఆ కుదుపుకు.

ప్రీమియం పెరగ్గానే జరిగేది ఇంకో ప్రమాదం. ఇరవై అయిదేళ్ల మొబైల్ షాపు కుర్రాడు ‘నాకెందుకిది’ అని తప్పుకుంటాడు. మోకాళ్ల నొప్పులతో ఉన్న అరవై ఏళ్ల స్వీట్ హౌస్ యజమాని ఉంటాడు. తలసరి ఖర్చు ఇంకా పెరుగుతుంది, ఇంకొందరు వెళ్తారు. మూడో ఏడాదికి రోగులే మిగులుతారు. వసంత పంచమినాడు మొదలుపెట్టి దసరాకు మూతపడే స్వచ్ఛంద పథకాల వెనక ఎక్కువగా ఉండేది ఈ కథే. స్వచ్ఛందంగా చేరే తలుపు తెరిచినప్పుడు, ఇష్టమొచ్చినప్పుడు వెళ్లిపోయే తలుపును కాస్త బిగించాలన్నది దీని సారం.

అమెరికా బిల్లులు

ఈ చర్చ ఎంత దూరం పోగలదో అమెరికాలో కనిపిస్తుంది. అక్కడ ఉద్యోగుల బీమాను 1974 నాటి ఎరిసా చట్టం, రాష్ట్రాల బీమా చట్టాలు కలిసి నియంత్రిస్తాయి. చిన్న వ్యాపార సంఘాలు రాష్ట్రాల నిబంధనలను దాటుకుని సభ్యులకు ఉమ్మడి ‘అసోసియేషన్ హెల్త్ ప్లాన్లు’ ఇవ్వడానికి వీలు కల్పించే బిల్లును ప్రతినిధుల సభ 2005 జులైలో ఆమోదించింది. 2006 మేలో అదే తరహా బిల్లు సెనేట్‌లో తుది ఓటింగుకు రాకుండానే ఆగింది. 2017 మార్చిలో సభ మరోసారి ‘స్మాల్ బిజినెస్ హెల్త్ ఫెయిర్‌నెస్’ బిల్లు నెగ్గించింది. అదీ సెనేట్ గడప దాటలేదు.

చట్టం కుదరక 2018 జూన్‌లో కార్మిక శాఖ దాన్నే నిబంధన రూపంలో తెచ్చింది. ఒకే వృత్తి వాళ్లు గానీ, ఒకే రాష్ట్రంలోని వేరువేరు వ్యాపారులు గానీ ఒకే యజమానిగా లెక్కకు వచ్చారు. ఉద్యోగులే లేని ఒంటరి యజమానినీ చేర్చుకున్నారు. 2019 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి జాన్ బేట్స్ ఆ నిబంధనలోని కీలక భాగాలు ఎరిసాకు విరుద్ధమని కొట్టేశారు. ‘యజమాని’ అన్న మాటను చట్టం ఒప్పుకోనంతగా సాగదీశారన్నది ఆయన అభ్యంతరం. 2024లో ఆ నిబంధననే రద్దు చేశారు.

వ్యతిరేకుల వాదనలో పస ఉంది. ఆరోగ్యవంతులున్న సంఘాలు చవక ప్లాన్లకు వెళ్లిపోతే మిగతా మార్కెట్లో రోగులు మిగిలి అక్కడ ధరలు పెరుగుతాయి. గతంలో కొన్ని ఉమ్మడి పథకాలు దివాలా తీసి క్లెయిములు చెల్లించలేకపోయాయి. అనుకూలురు అడిగేది కూడా న్యాయమైనదే: పెద్ద కంపెనీకున్న బేరం చిన్నవాడికి ఎందుకుండకూడదు? అమెరికాలో ముగ్గురు నలుగురితో కన్సల్టెన్సీ నడిపే తెలుగువాళ్లకూ, కేసముద్రంలో ఇద్దరు గుమాస్తాలతో ఆడ్తి నడిపే వాళ్లకూ ఈ ప్రశ్న ఒకటే. న్యాయమూర్తి బేట్స్ తేల్చిన రెండు విషయాలు, బీమా కోసం కలిసిన వాళ్లు గ్రూపు అవుతారా, యజమాని తానే ఉద్యోగి అవుతాడా అన్నవి, మన నిబంధనల్లోనూ మెలిక పడ్డ చోట్లే.

ఇక్కడి పాత అనుభవాలు

సమూహంగా రక్షణ తెచ్చుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2005–06లో కేంద్ర ప్రభుత్వం చేనేత కార్మికులకు ఐసీఐసీఐ లొంబార్డ్ ద్వారా ఆరోగ్య బీమా ఇచ్చింది. కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలు, అందులో సగం 7,500 ఓపీకి. మొత్తం చిన్నదే గానీ నేతగాడికి నిజంగా కావలసింది ఓపీ అని గుర్తించిన అరుదైన పథకం అది. తర్వాత అది 30,000 పరిమితి ఉన్న రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కలిసిపోయింది.

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ పల్లెల్లో సహవికాస అనే సంస్థ ప్రోత్సాహంతో ఎదిగిన పొదుపు సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పెరిగాయి. అప్పు తీసుకున్న సభ్యుడు చనిపోతే బాకీ కుటుంబం మీద పడకుండా చూసే నిధిని ఆ సంఘాలు కలిసి నడిపాయి. ఒక్క ఊరి సంఘం మీద ఆధారపడకుండా అనేక సంఘాలు చేయి కలపడమే దాని బలం. కర్ణాటకలో సహకార సంఘాల రైతుల కోసం 2003లో వచ్చిన యశస్విని ఇదే పద్ధతిని శస్త్రచికిత్సలకు వాడింది. అక్కడా ‘గ్రూపు’ అంటే సహకార సంఘ సభ్యత్వమే.

రైతుబీమా (2018), నేతన్న బీమా (2022) ఎల్‌ఐసీతో చేసిన గ్రూపు ఒప్పందాలు. ప్రీమియం ప్రభుత్వానిది, పరిహారం 5 లక్షలు. బ్యాంకు ఖాతా ఉంటే చాలు ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే కేంద్ర పథకంలో గ్రూపు నడిపేది బ్యాంకే. ఇవన్నీ ప్రాణం పోయాకో, ప్రమాదం జరిగాకో వచ్చే డబ్బు. మరణ ధ్రువపత్రంతో తేలే క్లెయిముకూ, ఆస్పత్రి బిల్లుతో తేలే క్లెయిముకూ చాలా దూరం. జబ్బు బీమాలో ఆస్పత్రితో బేరం, ముందస్తు అనుమతి, బిల్లు తనిఖీ ఉంటాయి. ఆ పని ఏ వర్తక సంఘం కార్యదర్శీ రాత్రి కొట్టు మూశాక కూర్చుని చేయలేడు.

చట్టం వస్తే

ఉద్యోగుల హాజరు పట్టీ ఒక్కటే గ్రూపుకు ఆధారం అన్న అలవాటును చట్టం వదలాలి. 1988 దుకాణాలు, సంస్థల చట్టం కింద ఉన్న రిజిస్ట్రేషను, ఉద్యమ్ నమోదు, మార్కెట్ కమిటీ లైసెన్సు – ఈ మూడింటిలో ఏదున్నా ఆ మనిషి, దుకాణంలో పనిచేసే ఆయన ఇంటివాళ్లు, జీతగాళ్లు ఒకే జాబితాలోకి రావచ్చు. జాబితా జిల్లాకొకటి ఉంటే చిన్నదవుతుంది. మూడు జిల్లాలకూ, వీలైతే ఉమ్మడి వరంగల్ అంతటికీ ఒకటే ఉంటే మేలు. భూపాలపల్లి షెడ్లూ, జనగామ బట్టల షాపులూ ఒకే గంపలో పడితేనే ఒక బజారు కష్టం ఇంకో బజారు మోయగలుగుతుంది.

సభ్యత్వం కనీసం మూడేళ్లు ఉండాలి, ప్రీమియం వయసును బట్టి కొద్దిగా మారినా జబ్బును బట్టి మారకూడదు. ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్లకు ఓపీ, మందులు, జబ్బుపడ్డ రోజుల కూలి. కార్డు లేని యజమానులకు ఆస్పత్రి ఖర్చు కూడా. ఇలా రెండు పలకలుగా పెడితే ధర అందుబాటులో ఉంటుంది. బీమా కేంద్ర జాబితాలోని అంశం కాబట్టి రాష్ట్రం సొంత చట్టంతో కొత్త బీమా కంపెనీని సృష్టించజాలదు. సంక్షేమ నిధి పెట్టి, ఆ నిధి ద్వారా గ్రూపు పాలసీ కొనగలదు. 2025 ఏప్రిల్ 14న తెలంగాణ ప్రభుత్వం విడుదల చేసిన గిగ్, ప్లాట్‌ఫాం కార్మికుల ముసాయిదా బిల్లు అనుసరించిన దారి ఇదే: నమోదు, బోర్డు, ప్రతి లావాదేవీ మీద సంక్షేమ రుసుము. రుసుము ఏ పేరుతో వేస్తారన్నది మాత్రం ఆలోచించుకోవాలి. బీడీ కార్మికుల ఆస్పత్రులను పోషించిన సెస్సు 2017లో జీఎస్టీ రాగానే ఎగిరిపోయింది.

ఇంత చేసినా యార్డు హమాలీ దగ్గర లెక్క మళ్లీ తప్పుతుంది. పొద్దున ఒక ఆడ్తిదారు బస్తాలు, మధ్యాహ్నం ఇంకొకరివి, సాయంత్రం రైతు ట్రాక్టరు మీదివి మోస్తాడు. అతనికి యజమాని ఎవరు? దీనికి మహారాష్ట్ర 1969లోనే మాథాడీ, హమాలీ కార్మికుల చట్టంతో జవాబు చెప్పింది. వ్యాపారులూ కార్మికులూ ఇద్దరూ బోర్డులో నమోదవుతారు. కూలి డబ్బు బోర్డుకు వెళ్తుంది. దాని మీద లెవీ వసూలు చేసి భవిష్య నిధి, సెలవులు, వైద్యం చూస్తారు. కేరళ 1978లో తలమోత కార్మికుల చట్టం తెచ్చింది. కేసముద్రం యార్డులో ఇప్పటికే ప్రతి బస్తాకూ మార్కెట్ ఫీజు, హమాలీ చార్జీ, దడువాయి చార్జీ తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) విడివిడిగా పడుతున్నాయి. ఆ కాగితం మీద వైద్య నిధికి ఇంకో వరుస చేర్చడం కష్టమేమీ కాదు. ఆ డబ్బు రైతు వైపు నుంచి కోయాలా, ఖరీదుదారు వైపు నుంచి వసూలు చేయాలా అన్నదే బేరం, ఆ బేరం జరగాల్సింది సీజన్ మొదలవకముందు.